ఓడ దిగి ఊరు చూడటానికి వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు వెంట ఉండాలా, క్యాబిన్‌లో ఉండాలా?

పటమట వాసి
సోమవారం, రాత్రి 9.15

అందరికీ నమస్కారం. జనవరి చివర్లో మా ఇంట్లో నలుగురం సింగపూర్ నుంచి ఓడ ఎక్కుతున్నాం. నేను, నా భార్య, తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి, 68 ఏళ్ల మా అమ్మ. ఐదు రాత్రుల ప్రయాణం. మధ్యలో మలేషియాలోని పోర్ట్ క్లాంగ్‌లో ఒక పగలు, థాయిలాండ్‌లోని ఫుకెట్‌లో ఒక పగలు ఓడ ఆగుతుంది. రెండు చోట్లా దిగాలని ఉంది. కౌలాలంపూర్ పక్కనున్న బటు గుహల దగ్గర మురుగన్‌ను, అంటే మన సుబ్రహ్మణ్య స్వామిని, చూడాలని అమ్మ కోరిక. ఆమె ఇంతవరకూ నీటి మీద చేసిన ప్రయాణమంటే లాంచీలో భవానీ ద్వీపానికి వెళ్లి రావడమే.

ఒడ్డుకు దిగినప్పుడు పాస్‌పోర్టులు వెంట ఉంచుకోవాలా, క్యాబిన్ లాకర్లో పెట్టి వెళ్లాలా? మా బావగారు ఎట్టి పరిస్థితిలోనూ ఒంటి మీద నుంచి తీయవద్దంటున్నారు. ఆఫీసులో ఒకాయన, బయటికి తీసుకెళ్తే పోగొట్టుకున్నట్లేనని భయపెడుతున్నారు. నాలుగూ ఒకే సంచిలో వేసి నా నడుముకు కట్టుకుందామని నా ఆలోచన. వెళ్లి వచ్చినవారు దయచేసి చెప్పండి.

అరండల్‌పేట అక్క
సోమవారం, రాత్రి 9.50

లాకర్లో పెట్టండి తమ్ముడూ. మేము నిరుడు అలాగే చేశాం. ఓడ ఎక్కగానే ప్రతి ఒక్కరికీ ఒక కార్డు ఇస్తారు. గది తాళం అదే, ఓడలో చేసే ఖర్చు రాసుకునేదీ దాని మీదే. దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు గుమ్మం దగ్గర యంత్రానికి చూపిస్తే అక్కడి తెర మీద మన ఫోటో కనిపిస్తుంది. ఆ కార్డు, పాస్‌పోర్టు జిరాక్సు, నా డ్రైవింగ్ లైసెన్సు, ఈ మూడే నా దగ్గర ఉన్నాయి. మలేషియాలోని పెనాంగ్‌లో ఓడ జార్జ్ టౌన్ ఊరి ఒడ్డునే ఆగుతుంది. సాయంత్రం దాకా నడిచే తిరిగాం. ఎవరూ ఏమీ అడగలేదు.

బందరు రోడ్డు
సోమవారం, రాత్రి 10.20

అక్కా, మిమ్మల్ని ఎవరూ అడగకపోవడం మంచిదే అయింది. కానీ దాన్ని నియమంగా తీసుకోవద్దు. పరాయి దేశంలో పోలీసు ఆపి అడిగితే మనం ఎవరమో, ఆ దేశంలోకి ఎలా వచ్చామో చెప్పే అసలు కాగితం పాస్‌పోర్టు ఒక్కటే. ఓడ మన కోసం ఆగకుండా వెళ్లిపోయిందనుకోండి. ఒడ్డున మనం, సముద్రం మీద మన పాస్‌పోర్టు. విమానం టికెట్ కొన్నా ఎక్కనివ్వరు. నేను ఎక్కడికి వెళ్లినా చొక్కా లోపలి జేబులోనే పెట్టుకుంటాను.

ఓడలో పదకొండేళ్లు
సోమవారం, రాత్రి 11.40

నాది బాపట్ల, ఇప్పుడు గుంటూరులో ఉంటున్నాను. పదకొండేళ్లు ప్రయాణికుల ఓడల్లో పనిచేశాను. చివరి నాలుగేళ్లు గుమ్మం దగ్గర భద్రతా విభాగంలో ఉన్నాను. కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

అక్క గారు, బందరు రోడ్డు గారు చెప్పినవి రెండూ జరిగేవే. అయితే చాలా రేవుల్లో ఈ నిర్ణయం ప్రయాణికుడి చేతిలో ఉండదు. కొన్ని ప్రయాణాల్లో ఓడ ఎక్కిన రోజే పాస్‌పోర్టులు రిసెప్షన్‌లో తీసుకుని రసీదు ఇస్తారు, చివర్లో తిరిగి ఇస్తారు. రేవు అధికారులకు వాటిని ఒక్కసారిగా చూపించడానికి ఆ పద్ధతి. మధ్యధరా సముద్రంలో తిరిగే ఓడల్లో మన దేశం వాళ్లకు ఇది తరచుగా ఎదురవుతుంది. కొన్ని రేవుల్లో ఆ దేశపు ఇమిగ్రేషన్ అధికారి ఒక్కొక్కరి పాస్‌పోర్టు స్వయంగా చూస్తాడు. అక్కడ అసలుది లేకుండా గేటు దాటలేరు. ఇంకొన్ని రేవుల్లో ఓడ ముందే ప్రయాణికుల జాబితా పంపేస్తుంది. కార్డు, జిరాక్సు ఉంటే చాలు. ఈ చివరి రకం రేవులోనే మీ ప్రశ్న పుడుతుంది.

ఏ రేవు ఏ రకమో ముందు రోజు రాత్రి గదిలో పెట్టే కార్యక్రమాల కాగితంలో రాస్తారు, ఇప్పుడైతే ఓడ యాప్‌లో కూడా వస్తుంది. పోయిన ఏడాది వెళ్లినవారి మాట కన్నా ఆ కాగితం మాటే వినండి. ఒకే ఓడ, ఒకే రేవు, నెల మారితే నియమం మారడం నేను చూశాను.

ఇక ఓడ అందకపోవడం గురించి. బయలుదేరే వేళకు అరగంటో గంటో ముందు అందరూ లోపల ఉండాలని చెబుతారు. ఆ వేళ దాటాక గుమ్మం దగ్గర మా లెక్కలో ఎవరు రాలేదో తెలిసిపోతుంది. మైకులో పేర్లు పిలుస్తాం. అప్పటికీ రాకపోతే, నేను పనిచేసిన ఓడల్లో ఇద్దరు అధికారులు కలిసి వెళ్లి ఆ క్యాబిన్ తెరిచేవారు. లాకర్ కూడా తెరిచి పాస్‌పోర్టులు తీసి, రేవులో మా ఓడ పనులు చూసే ఏజెంటుకు అప్పగించేవారు. మందులు కనిపిస్తే అవి కూడా. ఆ తరువాత ఓడ వెళ్లిపోయేది. రేవులో ఓడకు దారి చూపే పైలట్, తాడు లాగే పడవలు, ఓడ నిలిపే ధక్కా, అన్నిటికీ వేళ కట్టి ఉంటుంది కాబట్టి ఎక్కువసేపు ఆగడం కుదరదు. అందుకే ఏజెంటు ఫోను నంబరు ఉన్న ఆ రోజు కాగితం వెంట తీసుకెళ్లాలి. పాస్‌పోర్టు లాకర్లో పెట్టేవాళ్లయితే కనిపించే చోట పెట్టండి. బట్టల మడతల్లో, పరుపు కింద దాస్తే మాకు దొరకదు, మీకూ చేరదు.

ఇంకొక మాట. సింగపూర్, మలేషియాలది ఒకే సమయం. థాయిలాండ్ గంట వెనుక ఉంటుంది. ఓడ మాత్రం చాలాసార్లు తన సమయం మార్చుకోదు. ఫుకెట్‌లో మీ ఫోను తనంతట తానే గంట వెనక్కి వెళ్తుంది. ఓడ సమయం ప్రకారం అయిదింటికి రమ్మంటే, ఫోనులో నాలుగింటికే మీరు అక్కడ ఉండాలి. ఈ ఒక్క గంట వల్ల పరుగెత్తుకుంటూ వచ్చి, ఒడ్డున నిలబడి ఏడ్చినవారిని నేను గుమ్మంలో నుంచి చూశాను. చేతికి గడియారం పెట్టుకుని సింగపూర్ సమయమే ఉంచండి.

పటమట వాసి
మంగళవారం, ఉదయం 6.30

అన్నా, ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. గంట తేడా సంగతి నాకు తట్టనే లేదు. పాత గడియారానికి ఈ రోజే బ్యాటరీ వేయిస్తాను.

కొత్తపేట కుర్రాడు
మంగళవారం, ఉదయం 8.05

సింగపూర్ వీసా ఒకసారి చూసుకోండి. ఓడ తిరిగి సింగపూర్ చేరినప్పుడు అది మళ్లీ కొత్త ప్రవేశమే. ఒక్కసారి ప్రవేశానికి మాత్రమే అనుమతి ఉంటే చివరి రోజు చిక్కు వస్తుంది. పాస్‌పోర్టు గడువు కూడా ప్రయాణం నాటికి ఆరు నెలలకు మించి ఉండాలి. మలేషియా, థాయిలాండ్ రెండింటికీ ఆన్‌లైన్‌లో నింపే ఆగమన కార్డులు ఉన్నాయి. ఓడ ప్రయాణికులు నింపాలో లేదో టికెట్ ఇచ్చినవారిని అడిగి రాయించుకోండి.

మంగళగిరి మాస్టారు
మంగళవారం, మధ్యాహ్నం 2.10

నాది ఓడ అనుభవం కాదు, కానీ ఈ చర్చకు పనికొస్తుంది. కొన్నేళ్ల క్రితం కౌలాలంపూర్‌లో రోడ్డు పక్కన నడుస్తుంటే మోటారు సైకిల్ మీద వచ్చిన ఇద్దరు నా భార్య భుజానికున్న సంచి లాక్కుపోయారు. నాది, ఆమెది, మా అమ్మాయిది, మూడు పాస్‌పోర్టులూ అందులోనే.

ముందు పోలీసు ఫిర్యాదు. దాని నకలు పట్టుకుని భారత హైకమిషన్‌కు వెళ్లాం. వాళ్లు మర్యాదగానే చూశారు. కానీ మూడు పాస్‌పోర్టుల వివరాలు నోటికి చెప్పమంటే ఎవరు చెప్పగలరు? ఫోటో ఉన్న పేజీ జిరాక్సు ఒకటి పెట్టెలో ఉంది. చివరి పేజీ తీయలేదు. మన పాస్‌పోర్టులో తల్లిదండ్రుల పేర్లు, చిరునామా, ఫైలు నంబరు ఉండేది ఆ చివరి పేజీలోనే. ఇంటికి ఫోను చేసి బీరువాలో పాత కాగితాలు వెతికించాం. చివరికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇచ్చారు. అది భారతదేశానికి తిరిగి రావడానికి మాత్రమే. దానితో ఇంకో దేశం వెళ్లలేం. అంటే ఓడ ప్రయాణం మధ్యలో ఇలా జరిగితే మిగతా రేవులు మరచిపోవాల్సిందే. ఆ దేశం విడిచి వెళ్లడానికి అక్కడి ఇమిగ్రేషన్ అనుమతి కూడా కావాలి. మొత్తం ఐదు రోజులు పట్టింది.

తిరిగి వచ్చాక విజయవాడ పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో మళ్లీ దరఖాస్తు. మామూలుగా 36 పేజీల పాస్‌పోర్టుకు 1500 రూపాయలు, పోయినదానికి బదులు తీసుకుంటే 3000. డబ్బు సంగతి పక్కన పెట్టండి. అది పోయిందని చెప్పిన తరువాత పాతది దొరికినా పనికిరాదు.

పటమట వాసి గారూ, ఆ ఐదు రోజులూ నేను తలచుకుని బాధపడింది దొంగల గురించి కాదు. మూడింటినీ ఒక్క సంచిలో పెట్టాను. ఒక్కరిదే పోయి ఉంటే మిగతా ఇద్దరూ హోటల్ చూసుకునేవారు, బ్యాంకు పని చూసుకునేవారు. ముగ్గురం ఒకేసారి ఊరు పేరు లేని మనుషులమయ్యాం. నాలుగూ మీ నడుముకే కట్టుకోవాలన్న ఆలోచన దయచేసి మానుకోండి.

బందరు రోడ్డు
మంగళవారం, మధ్యాహ్నం 3.00

మాస్టారూ, చివరి పేజీ సంగతి నాకూ తెలియదు. ఈ రోజే తీయిస్తాను. నా వరకు నేను పాస్‌పోర్టు వెంటే ఉంచుకుంటాను. కానీ ఇంట్లో అందరివీ నా దగ్గరే పెట్టుకునే అలవాటు నాకూ ఉంది. అది మార్చుకోవాలి.

బ్రాడీపేట కోడలు
మంగళవారం, రాత్రి 10.45

మాస్టారి మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మేము ఐదుగురం వెళ్లాం. ఫుకెట్‌లో మా ఓడ ఒడ్డుకు రాలేదు. పటాంగ్ తీరానికి దూరంగా సముద్రంలో లంగరు వేసి, చిన్న పడవల్లో ఒడ్డుకు చేర్చారు. పడవ దిగగానే అందరి ఓడ కార్డులూ మా వారు తీసుకుని తన జేబులో పెట్టుకున్నారు. పారేసుకుంటామని జాగ్రత్త. మా ఇంట్లో ఎప్పుడూ అంతే. రైలు టికెట్లయినా, ఆధార్ కార్డులయినా ఆయన దగ్గరే ఉంటాయి.

బజారులో జనం. మా అత్తగారు ఒక గవ్వల దుకాణం దగ్గర ఆగారు. మేము ఆగలేదు. పది అడుగులు వేశాక చూస్తే ఆమె లేరు.

ఆమెకు తెలుగు తప్ప మరో భాష రాదు. ఫోను లేదు. చేతి సంచిలో కళ్లజోడు, మందుల డబ్బా, కొంచెం డబ్బు. ఓడ పేరు తెలియదు. "తెల్లటి పెద్ద ఓడ" అని మాత్రం తెలుసు. ఆ రోజు సముద్రంలో అలాంటివి రెండు ఉన్నాయి. మేము దాదాపు రెండు గంటలు వెతికాం. చివరికి ఒక పళ్ల దుకాణం ఆవిడ తన బల్ల మీద కూర్చోబెట్టి, కొబ్బరి బొండం ఇచ్చి, ఎటూ కదలనివ్వకుండా ఉంచింది. మా అత్తగారు వచ్చేపోయే ప్రతి భారతీయుడికీ "గుంటూరు, గుంటూరు" అని చెబుతూ కూర్చున్నారట. ఒక తమిళ కుటుంబం ఆ మాట పట్టుకుని, తమ ఓడ మనుషులకు చెప్పి, మాకు కబురు చేసింది.

దొరికాక ఆమె మమ్మల్ని ఏమీ అనలేదు. రాత్రి పడుకునే ముందు నన్ను పిలిచి ఒక్క మాట అడిగారు: "నా పేరున్న కాగితం ఒక్కటి కూడా నా దగ్గర ఎందుకు లేదమ్మా?" నా దగ్గర జవాబు లేదు.

పాస్‌పోర్టు లాకర్లోనా, జేబులోనా అని మనం వాదించుకుంటున్నాం. మన ఇళ్లలో ఆడవాళ్లు, పెద్దవాళ్లు తమ పాస్‌పోర్టు చేత్తో పట్టుకునేది ఇమిగ్రేషన్ కిటికీ ముందు మాత్రమే. ఆ మరుక్షణం మళ్లీ ఎవరో తీసుకుంటారు. పటమట వాసి గారూ, మీ అమ్మగారి కార్డు మీ అమ్మగారి దగ్గరే ఉండాలి. జిరాక్సు కూడా. ఓడ పేరు, రేవు పేరు, మీ ఫోను నంబరు తెలుగులో, ఇంగ్లీషులో రాసిన చీటీ కూడా. ఏ చీటీ ఏమిటో ఆమెకు తెలియాలి.

ఓడలో పదకొండేళ్లు
మంగళవారం, రాత్రి 11.20

చెల్లెమ్మా, గుమ్మం దగ్గర మేము దీన్ని ప్రతి రోజూ చూసేవాళ్లం. ఒక్కాయన వచ్చి ఆరు కార్డులు పేక ముక్కల్లా పరుస్తాడు, వెనుక ఐదుగురు చేతులు కట్టుకుని నిలబడతారు. ఆ ఐదుగురి గురించి నాకు ఎప్పుడూ దిగులుగానే ఉండేది.

పటమట వాసి
బుధవారం, ఉదయం 5.50

ఇది మా అమ్మకు చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "నా పాస్‌పోర్టు ఎలా ఉంటుందో ఒకసారి చూపించరా" అంది. తీసి ఇచ్చాను. ఏడేళ్ల క్రితం తీయించినది. ఇప్పటివరకు ఆమె దాన్ని సరిగ్గా చూడలేదని నాకు ఈ రోజే తెలిసింది.

కొత్తపేట కుర్రాడు
బుధవారం, ఉదయం 9.00

కాగితాలన్నీ ఫోనులో ఫోటో తీసి పెట్టుకుంటే చాలదా? డిజిలాకర్ కూడా ఉంది కదా.

మంగళగిరి మాస్టారు
బుధవారం, ఉదయం 9.40

పెట్టుకోవాలి నాయనా, కానీ దాని మీదే ఆధారపడవద్దు. సంచి లాక్కుపోయేవాడు ఫోనును వదిలిపెట్టడు. పైగా డిజిలాకర్‌లోని ఆధార్‌ను అక్కడి పోలీసు ఎరగడు. కాగితం మీద రంగుల జిరాక్సు ఒకటి, మీ ఈమెయిల్‌కు పంపుకున్న నకలు ఒకటి, ఇంట్లో నమ్మకమైన మనిషి దగ్గర ఒకటి ఉండాలి. వెంట రెండో గుర్తింపు కార్డు కావాలంటే డ్రైవింగ్ లైసెన్సు మంచిది. ఫోటో ఉంటుంది, ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి.

లక్ష్మీపురం నాన్న
బుధవారం, సాయంత్రం 6.15

మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. పోయిన ఏడాది మమ్మల్ని మయామీ నుంచి ఓడలో మెక్సికో వైపు తీసుకెళ్లింది. ఇంటర్నెట్‌లో చూస్తే "పాస్‌పోర్టు అవసరం లేదు, జనన ధ్రువపత్రం చాలు" అని చాలా చోట్ల రాసి ఉంది. ఆ మాట అమెరికా రేవులో బయలుదేరి అమెరికా రేవుకే తిరిగి వచ్చే ఓడల్లో, అమెరికా పౌరులకు మాత్రమే. సందర్శక వీసా మీద వెళ్లిన మనలాంటివారికి పాస్‌పోర్టు, అందులో పలుమార్లు ప్రవేశానికి చెల్లే వీసా తప్పనిసరి. గ్రీన్ కార్డు ఉన్నవారు ఆ కార్డు తీసుకెళ్లాలి. పిల్లల మాట విని పెద్దవాళ్లు పాస్‌పోర్టు వాళ్ల ఇంట్లో వదిలి బయలుదేరవద్దు.

తెనాలి ప్రయాణాలు
గురువారం, ఉదయం 7.20

నాకు తెలిసిన రెండు సంగతులు. ఫుకెట్‌లో స్కూటరు అద్దెకిచ్చేవాళ్లలో కొందరు పాస్‌పోర్టు తాకట్టుగా అడుగుతారు. ఇవ్వకండి. అది భారత ప్రభుత్వ ఆస్తి అని దానిలోనే అచ్చు వేసి ఉంటుంది. స్కూటరుకు గీత పడిందని పాస్‌పోర్టు పట్టుకుని కూర్చుంటే సాయంత్రం ఓడ ఎవరు ఎక్కుతారు?

రెండోది మన తెలుగువాళ్లకు ప్రత్యేకం. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. ఓడ టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్లు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఇంటిపేరు ముందా, అసలు పేరు ముందా అన్నది కూడా ఒకసారి చూసుకోండి.

గవర్నర్‌పేట
గురువారం, ఉదయం 8.00

విశాఖ నుంచి, చెన్నై నుంచి వెళ్లే ఓడలకు కూడా పాస్‌పోర్టు కావాలా?

తెనాలి ప్రయాణాలు
గురువారం, ఉదయం 8.25

మన దేశంలోని రేవుల మధ్యనే తిరిగితే ఆధార్ లేదా ఓటరు కార్డు అసలుది చాలు. శ్రీలంక వెళ్లే ప్రయాణమైతే పాస్‌పోర్టు కావాలి. లక్షద్వీప్‌లో దిగాలంటే మన పౌరులకైనా ప్రవేశ అనుమతి ఉండాలి.

అరండల్‌పేట అక్క
గురువారం, రాత్రి 9.10

పటమట వాసి తమ్ముడూ, అమ్మగారికి మెడలో వేలాడే సంచి వద్దు. అందరి కళ్లూ దాని మీదే పడతాయి. మా అమ్మమ్మ తిరునాళ్లకు వెళ్లేటప్పుడు బొడ్డు సంచి రొండిన దోపుకునేది. అలాంటిదే పాస్‌పోర్టు పట్టేంత కొలతతో, లోపల ప్లాస్టిక్ కవరు పెట్టి కుట్టించండి. ఫుకెట్‌లో చిన్న పడవ ఎక్కేటప్పుడు నీళ్లు చిమ్ముతాయి. కుట్టు మిషను ఉన్న వాళ్లెవరైనా పావుగంటలో కుట్టి ఇస్తారు.

పటమట వాసి
ఫిబ్రవరి, ఆదివారం, సాయంత్రం 5.30

వెళ్లి వచ్చాం. ఏం జరిగిందో మీ అందరికీ చెప్పాలి కదా.

మా ఓడలో, ఆ వారం, పోర్ట్ క్లాంగ్‌కు అసలు పాస్‌పోర్టు తీసుకెళ్లాలని ముందు రాత్రి కాగితంలో వచ్చింది. ఫుకెట్‌కు ఓడ కార్డు, జిరాక్సు చాలన్నారు. ఒకే ప్రయాణంలో బందరు రోడ్డు గారి మాటా చెల్లింది, అక్క గారి మాటా చెల్లింది. ఫుకెట్ రోజు నాలుగు పాస్‌పోర్టులూ లాకర్లో పై అరలోనే పెట్టాం, పదకొండేళ్ల అన్న చెప్పినట్లు. ఏజెంటు నంబరున్న కాగితం నా దగ్గర ఒకటి, మా ఆవిడ దగ్గర ఒకటి. గడియారం సింగపూర్ సమయంలోనే ఉంచాను. ఒడ్డున నా ఫోను రెండున్నర చూపిస్తుంటే గడియారం మూడున్నర చూపించింది. మా అబ్బాయి ఇంకో గంట ఉందామన్నాడు. గడియారం చూపించి పడవ దగ్గరికి తీసుకొచ్చాను.

అమ్మ సంచి మా ఆవిడే కుట్టింది. ఆకుపచ్చ నూలు గుడ్డ. పోర్ట్ క్లాంగ్ రోజు అందులో పాస్‌పోర్టు, ఓడ కార్డు, కొంత మలేషియా డబ్బు, రెండు భాషల చీటీ. ఓడ పేరు అమ్మ నాలుగు రోజులు చదువుకుని కంఠస్థం చేసింది. బటు గుహల దగ్గర 272 మెట్లు. నలభై ఎక్కాక ఆయాసం వచ్చి, కింద కూర్చుంటాను మీరు వెళ్లి రండి అంది. ఇదివరకైతే ఒంటరిగా వదిలే ధైర్యం నాకు ఉండేది కాదు. సంచి తడిమి చూపించి "నా కాగితాలు నా దగ్గర ఉన్నాయి, వెళ్లండి" అంది. మేము దిగేసరికి పక్కన కూర్చున్న మలేషియా తెలుగావిడతో కబుర్లలో ఉంది. వాళ్ల తాతల కాలంలో తోటల పనికి వెళ్లిన కుటుంబమట.

తిరిగి రేవు గేటు దగ్గర వరసలో అందరికన్నా ముందు అమ్మే ఉంది. అధికారి చేయి చాపగానే సంచి విప్పి, పాస్‌పోర్టు తీసి, ఫోటో ఉన్న పేజీ తెరిచి ఇచ్చింది. ఆయన స్టాంపు వేసి తిరిగి ఇచ్చాక ఆ స్టాంపు ఎక్కడ పడిందో చూసుకుని కానీ ముందుకు కదలలేదు. వెనుక ఉన్నవాళ్లు ఓపికగానే ఆగారు.

ఇంటికి వచ్చాక పాస్‌పోర్టులన్నీ ఎప్పటిలా నా ఫైలులో పెడదామని అడిగితే అమ్మ ఇవ్వలేదు. తన బీరువాలో, పట్టుచీరల కింద, ఆ ఆకుపచ్చ సంచిలోనే ఉంది. ఇంకా మూడేళ్లు గడువుందని నాకు తనే చెప్పింది.